మందుచీటియు మర్యాదయు

వైద్యుడు రోగికి రెండు విధముల మేలు చేయును. తెలియనిది తెలిపి చేయు మేలొకటి. కోరినదానిని కాదని చేయు మేలొకటి. పులుపు తినవద్దని పథ్యము చెప్పునప్పుడును, అడిగినన్ని నిద్రమాత్రలు వ్రాయక నిరాకరించునప్పుడును ఆతడు చేయునది రెండవ విధమైన మేలు. దానిని మనమెవ్వరమును తప్పు పట్టము. కాని కాదనుట కధికారము గల ప్రతివానికిని ఒక ప్రమాదము పొంచియుండును. తాను కాదనుచున్నది ఎదుటివారి శరీరరక్షణము కొఱకా, శీలరక్షణము కొఱకా యను భేదము కొంతకాలమునకు తనకే తెలియకుండ పోవును. ఆ భేదమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే యీ వ్యాసము.

గడచిన వేసవిలో నొక శనివారము సాయంకాలము మా తల్లికి రక్తపుపోటు మాత్రలు కొనుటకై బజారులోని మందుల దుకాణమునకు పోయితిని. నాకు ముందు ఇరువదియైదేండ్ల యిల్లాలొకతె చంక బిడ్డతో నిలిచియుండెను. ఆమె దుకాణదారుని మెల్లగా నేదో అడిగినది. ఆతడు మెల్లగా బదులు చెప్పలేదు. "ఆ మాత్ర డాక్టరు గారి చీటీ లేకుండా ఇవ్వమమ్మా. ఆయన ఊళ్లో లేరు, సోమవారం సాయంత్రం వస్తారు. అప్పుడు రండి" అని అందఱును వినునట్లు పలికెను. అచ్చట నున్నవారమందఱమును ఆమె వంక చూచితిమి. ఆ చూచినవారిలో నేనును ఒకడను. ఆమె బిడ్డను రెండవ చంకకు మార్చుకొని వెడలిపోయెను. దుకాణదారుడు నా వైపు తిరిగి, "ఇవన్నీ అడిగిన వాళ్లకల్లా ఇస్తూపోతే ఊరేమైపోతుంది మాస్టారూ!" అనెను. నేను తల యూచితిని.

ఇంటికి వచ్చి యీ సంగతి నా భార్యతో చెప్పి, ఆ దుకాణదారుడు బాధ్యత యెఱిగినవాడని మెచ్చుకొంటిని. ఆమె బియ్యములో రాళ్లేరుచు చాలసేపు ఏమియు ననలేదు. పిదప, "సోమవారం దాకా ఆగే పనే అయితే, శనివారం పొద్దుగూకే వేళ పిల్లను చంకనేసుకుని ఎందుకు వస్తుందండీ?" అని మాత్ర మడిగెను. నాకు బదులు తోచలేదు. తోచకపోవుటచేతనే యీ విషయమును గూర్చి చదివితిని, తెలిసినవారి నడిగితిని.

ఆమె కోరినది అత్యవసర గర్భనిరోధక మాత్ర. అందలి మందు పేరు లెవోనార్జెస్ట్రెల్. దినదినము వేసికొను గర్భనిరోధక మాత్రలు కొన్నింటిలో స్వల్పముగ నుండు మందే యిందు 1.5 మిల్లీగ్రాముల మోతాదున నుండును. దంపతులు వాడిన సాధనము విఫలమైనప్పుడు గాని, ఏ సాధనమును వాడనప్పుడు గాని, బలాత్కారము జరిగినప్పుడు గాని, 72 గంటలలోపల, ఎంత త్వరగా నైన నంత త్వరగా, దీనిని మ్రింగవలయును. ఇది ప్రధానముగ అండము విడుదల కాకుండ ఆపియో, ఆ విడుదలను ఆలస్యము చేసియో పనిచేయును. అప్పటికే నిలిచిన గర్భమును ఇది పోగొట్టదు. ఇది గర్భస్రావపు మందని పలువు రనుకొనుట పొరపాటు. మన దేశమున 2005వ సంవత్సరము నుండి దీనిని డాక్టరు చీటీ లేకయే అమ్మవచ్చును. కావున ఆ దుకాణదారుడు చట్ట మడుగని చీటీ నడిగినాడన్నమాట. ఎవరి మాటపై నడిగినాడో ఊహించుట కష్టము కాదు. చీటీ వ్రాయు డాక్టరు గది ఆ దుకాణము వెనుకనే యున్నది.

ఇక నా భార్య వేసిన ప్రశ్నకు బదులు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు జరిపించి 1998లో ప్రకటించిన పరిశోధనమున ఈ మందు ఫలము గంటల లెక్కను తేలినది. మందు లేనియెడల రాదగిన గర్భములలో, మొదటి 24 గంటలలో మ్రింగినవారియందు నూటికి 95 వంతులు నివారింపబడినవి. రెండవనాడు మ్రింగినవారియందు 85 వంతులు. మూడవనాడు 58 వంతులు మాత్రమే. శనివారము సాయంకాలము మొదటి దినములో నున్న స్త్రీ సోమవారము సాయంకాలమునకు మూడవ దినమున పడును. "అప్పుడు రండి" యన్న రెండు మాటలలో ఆ దుకాణదారు డామెయొద్దనుండి తీసికొన్నది ఆ తొంబదియైదుకును ఏబదియెనిమిదికిని గల యంతరము. మఱి యే మందు విషయమునను "చీటీ తెమ్ము" అనుట వట్టి జాగ్రత్తయే కావచ్చును. ఇచ్చట అది కొంతవఱకు నిరాకరణమే.

మా పట్టణమున చిరకాలముగ వైద్యము చేయుచున్న మిత్రు డొకరు నాకు గలరు. దుకాణము వెనుక డాక్టరు వేఱు, వీరు వేఱు. ధనాశ లేనివారు, లేనివారి వద్ద రుసుము పుచ్చుకొనరు. ఈ మాత్రను చీటీ లేక అమ్ముట తమ కిష్టము లేదని ఆయన నిష్కపటముగ చెప్పి, మూడు కారణములు చూపిరి. అట్టి వైద్యులు మన దేశమున పెక్కండ్రు గలరు గనుక ఆ మూడింటిని విచారింతము. మంచివాని యభిప్రాయమును ఖండింప బూనువాడు దాని బలమును ముందు చెప్పవలయును గదా!

ఆయన మొదటి కారణము: మందన్నది వైద్యుడు చూడక మ్రింగదగినది కాదు. సామాన్యముగ ఇది సత్యమే. కాని యీ మందు విషయమున వైద్యుడు చూచి తెలిసికొనదగిన దేమున్నది? నాడి పట్టి గాని, రక్తము పరీక్షించి గాని తెలియవలసినది లేదు. ఎప్పుడు జరిగినది, కడపటి ఋతువెప్పుడైనది యను రెండు ప్రశ్నలకును బదులు ఆ స్త్రీయే యెఱుగును. వికారము, తలనొప్పి, ఆ నెల ఋతువు కొన్నాళ్లు ముందు వెనుకలగుట యను బాధలు కొందఱికి కలుగును. అవి తమంత తాము పోవును. దీనిచే ప్రాణహాని కలుగు నని వారింపవలసిన స్త్రీలు దాదాపు లేరని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది.

అట్లని తెలియవలసినది లేకపోలేదు. క్షయకు రిఫాంపిసిన్ వాడు స్త్రీకిని, మూర్ఛకు ఫెనిటోయిన్ వంటి మందు వాడు స్త్రీకిని ఈ మాత్ర సరిగా పనిచేయకపోవచ్చును. క్షయ విస్తారముగ నున్న మన దేశమున ఇది చిన్న సంగతి కాదు. మ్రింగిన రెండు గంటలలోపల వాంతియైనచో మరల వేసికొనవలయును. ఋతువు వారమునకు మించి ఆలస్యమైనచో పరీక్ష చేయించుకొనవలయును. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినచో వెంటనే ఆసుపత్రికి పోవలయును. అయిదు దినములలోపల రాగి లూపు వేయించుకొన్నచో మాత్రకంటె అది ఎక్కువ గట్టి రక్షణము. సుఖవ్యాధులనుండి ఈ మాత్ర ఎవ్వరిని కాపాడదు. ఇవి యన్నియు వైద్యుడు చెప్పిననే కాని తెలియనివి. కాని యిన్నింటిని ఒక చిన్న కాగితముపై తెలుగులో అచ్చువేసి మాత్రతోపాటు చేతిలో పెట్టవచ్చును. ఆ కాగితము వ్రాయదగినవారు వైద్యులే. చీటీ వ్రాయుటకంటె ఇది గొప్ప పని యని నా నమ్మకము.

రెండవ కారణము దీనికంటె బలమైనది. "నెలకు మూడుసార్లు, నాలుగుసార్లు మింగేవాళ్లను నేను చూశాను మాస్టారూ. దాన్ని అలవాటు మాత్ర చేసుకుంటున్నారు" అని ఆయన అన్నారు. ఇది నిజము; విచారింపదగినది. ఈ మాత్ర నిత్యోపయోగమునకు ఉద్దేశింపబడినది కాదు. నిత్యము వాడదగిన సాధనములతో పోల్చినచో దీని రక్షణము తక్కువ. మాటిమాటికి వాడినచో ఋతుక్రమము తారుమారగును. 2007 మొదలు టెలివిజనులో దీని ప్రకటనలు విరివిగ వచ్చినవి. చింత తీర్చు మాత్రగా చూపుటయే వాని పద్ధతి; నిత్యసాధనములను గూర్చి చెప్పు ఓపిక వర్తకునికి ఉండదు. ఈ విషయమున వైద్యుల కోపము న్యాయమైనది.

కాని ఆ కోపము ఎవరిపై చూపవలయును? నెలకు నాలుగు మాత్రలు మ్రింగుచున్న స్త్రీకి దినదినము వేసికొను మాత్రను గూర్చియు, లూపును గూర్చియు ఎవ్వరును చెప్పలేదన్నది స్పష్టము. చెప్పదగినవాడు వైద్యుడు. ఆతని యెదుటికి పోయిన సిగ్గుపడవలసి వచ్చునని తెలిసినచో ఆమె పోదు. పోకపోవుటచే ఆ మాత్రనే పట్టుకొని వ్రేలాడును. కావున ఏ దోషమును చూపి వైద్యుడు చీటీ కావలయు ననుచున్నాడో, ఆ దోషమునకు చీటీ నడుగు నప్పటి ఆతని ముఖమే కొంత కారణ మగుచున్నది. మాత్రను ముందుగనే ఇండ్లలో నుంచుకొన నిచ్చిన స్త్రీలను గూర్చి అమెరికా, చైనా, భారతదేశములలో జరిగిన ప్రయోగములను సమీక్షించి 2007లో పండితులు కొన్ని నిర్ణయములకు వచ్చిరి. అట్టి స్త్రీలు తక్కిన సాధనములను విడువలేదు. వారిలో సుఖవ్యాధులు పెరుగలేదు. అయితే ఈ మాత్రను కొనియాడువారు ఆశించినట్లు అనుకోని గర్భముల సంఖ్యయు తగ్గలేదు. రెండు పక్షములవారును ఈ సత్యము నంగీకరింపవలయును. మాత్ర చేతి కందినంత మాత్రమున స్త్రీలు చెడిపోలేదు. అంతమాత్రమున లోకము బాగుపడనులేదు. ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క ఆపదలో అది అక్కఱకు వచ్చు వస్తువు. అంతియే.

మూడవ కారణమును నా మిత్రుడు చివర చెప్పిరి. గొంతు తగ్గించి చెప్పిరి. "పెళ్లికాని పిల్లలు కొనుక్కుంటున్నారండీ. భయం పోతే ఇంకేం మిగులుతుంది?" తక్కిన రెండు కారణములకును ఊపిరి ఇదియే యని నాకు తోచినది. ఏలయన, చదువరులారా, ఈ క్రింది సంగతి చిత్తగింపుడు. 2011 నుండి ప్రభుత్వమువారి పథకము ననుసరించి పల్లెలలో ఆశా కార్యకర్తలు ఈ మాత్రనే యింటింటికి కొనిపోయి రెండు రూపాయలకు ఇచ్చుచు వచ్చిరి. ఆశా కార్యకర్త వైద్యురాలు కాదు. ఊరిలోని సామాన్య గృహిణి. ఆమె చీటీ నడుగదు. వైద్యు డెవ్వడైన ఇది యపాయమని గగ్గోలు పెట్టినట్లు నేను వినలేదు. పల్లెలో పెండ్లియైన స్త్రీకి ఆశా చేతినుండి రెండు రూపాయల కందిన మాత్ర నిరపాయమై, పట్టణమున దుకాణమునుండి అందిన అదే మాత్ర ప్రమాదకరమగుట కెట్టి శరీరశాస్త్రమును లేదు. మాఱినది మందు కాదు, మ్రింగు స్త్రీని గూర్చి మన యూహ.

ఇతర దేశముల చరిత్రయు ఇట్లే యున్నది. ఫ్రాన్సులో 1999 నుండి ఈ మందు చీటీ లేక దొరకుచున్నది. బ్రిటనులో 2001 నుండి ఫార్మసిస్టు తానే ఈయగలడు. అమెరికాలో 2003 డిసెంబరున నిపుణుల సంఘములు కూడి 23 మంది అనుకూలముగను నలుగురు ప్రతికూలముగను తీర్పు చెప్పినను, ఔషధశాఖవారు 2004లో దానిని త్రోసివేసిరి. 2006లో పదునెనిమిదేండ్లు నిండినవారికి మాత్రము చీటీ లేక ఇయ్యవచ్చు ననిరి. న్యాయస్థానము కలుగజేసికొన్న పిదప 2013లో వయోనియమము తొలగినది. మన పొరుగున తమిళనాట చట్టనిషేధము లేకున్నను చాల దుకాణములలో ఈ మాత్ర దొరకదని పత్రికలు పలుమారులు వ్రాసినవి. మందు ఒక్కటే, శాస్త్ర మొక్కటే; తీర్పులు మాత్రము ఇన్ని. కావున తీర్పు చెప్పినది శాస్త్రము కాదని తేలుచున్నది.

సరే, శీలమును గూర్చియే మాటలాడుదము. భయము పోయిన శీలము పోవునని యనువారు శీలమును పొగడుచున్నారో నిందించుచున్నారో నాకు తెలియదు. చెఱసాల భయముచే దొంగిలింపనివానిని మనము సత్పురుషుడనము. అదియునుగాక, ఈ భయ మెవరిది? ఇద్దఱు కూడి చేసిన పనికి భయము ఒకరి కడుపుననే యున్నది. రెండవవానికి ఎన్నడును లేని భయమును మనము శీలరక్షకమని కొనియాడుట లేదు. ఇంకొక మాట. బిడ్డ భగవంతు డిచ్చు వరమని నోట పలుకుచు, తప్పుచేసిన దానికి శిక్షగా బిడ్డను విధించుట ఎట్టి ధర్మము? శిక్షగా పుట్టిన బిడ్డ చేసిన నేర మేమి? వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిన కాలమున, చదువు నేర్చిన ఆడువారు చెడుదురని పెద్దలు వెఱచిరి. అప్పుడు అక్షరముపై వెఱపు, ఇప్పుడు మాత్రపై వెఱపు. వెఱపు మాత్రము ఒక్కటే: స్త్రీ తన సంగతి తాను చూచుకొనగలదేమో యని.

మన చట్టములును ఈ త్రోవనే మెల్లగా నడచుచున్నవి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమున సాధనము విఫలమైన గర్భమును గూర్చి చెప్పుచోట "వివాహిత, ఆమె భర్త" అను మాట లుండెను. 2021 సవరణమున "స్త్రీ, ఆమె భాగస్వామి" యని మార్చిరి. అవివాహితయు ఆ చట్టపు రక్షణకు అర్హురాలని 2022లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. గర్భము వచ్చిన పిమ్మట అడుగని పెండ్లి సంగతిని, రాకుండ చూచుకొను మాత్ర కొఱకు అడుగుట వింత గాదా?

మన ప్రాచీనులను స్మరింపక యీ విషయము ముగింపజాలను. చరకసంహిత విమానస్థానమున, వైద్యవిద్యను పూనబోవు శిష్యునికి గురువు చేయు నుపదేశ మున్నది. అందు రెండు నియమములు నన్నాకర్షించినవి. రోగి యింటి గుట్టు వెలుపల చెప్పరాదన్న దొకటి. భర్తయో, సంరక్షకుడో దగ్గఱ లేని స్త్రీకి చికిత్స చేయరాదన్నది రెండవది. మొదటిది యే కాలమునకైన చెల్లు ధర్మము. రెండవది ఆ కాలపు ఆచారము. నేడు దానిని పాటించు వైద్యు డొకడును లేడు, పాటించినచో ఆడువారు సగము మంది చికిత్స లేక పోవుదురు. ఆ శనివారము మా బజారులో జరిగిన దేమనగా, ఎప్పుడో కాలము చెల్లిన రెండవ నియమము పాటింపబడినది. ఎన్నటికిని చెల్లవలసిన మొదటి నియమము నలుగురిలో భంగమైనది.

ఆంగ్లేయ తత్త్వవేత్త మిల్లు 1859లో స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున విషముల విక్రయమును చర్చించెను. సీసాపై హెచ్చరిక అంటించుట తప్పుకాదని ఆయన మతము. కొనువానికి తాను కొనుచున్న దేమో తెలియుట ఎన్నడును నష్టము కాదు గదా. కాని ప్రతిసారి వైద్యుని ధ్రువపత్రము కావలయునన్నచో, న్యాయమైన పనికి కావలసినవానికి అది ఒక్కొక్కప్పుడు దొరకదనియు, ఎల్లప్పుడును ఖర్చగుననియు ఆయన చెప్పెను. విషమునకే అంత విచారము చేసిన లోకమున, విషము కాని మందునకు మన మింతకంటె కఠినులము కానేల?

ఈ మాట లన్నియు విని నా మిత్రుడు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "చీటీ అడగడం మానుకోగలనేమో గాని, ఆ పిల్ల ఒక్కసారి నాతో మాట్లాడితే బాగుంటుందన్న కోరిక మానుకోలేను మాస్టారూ" అనిరి. మానుకొనవలదంటిని. ఆ కోరికయే వైద్యునికి భూషణము. కాని బలవంతముగ రప్పించినచో ఆమె చీటీ కొఱకు వచ్చును, మాట కొఱకు రాదు. నిందింపరన్న నమ్మకమున్న చోటికే మనుష్యులు తమంత తాముగ వత్తురు.

వైద్యులకు బోధించి నన్ను నేను మఱచిపోరాదు. పదవ తరగతి జీవశాస్త్రములో ప్రత్యుత్పత్తిని గూర్చి పాఠ మున్నది. ఒకమారు ఆ ఉపాధ్యాయుడు సెలవులో నుండగా ఆ తరగతికి నన్ను పంపిరి. పుస్తకము తెఱచినంతనే ఆ పాఠము వచ్చినది. బాలురు ముసిముసి నవ్వులు నవ్విరి; బాలికలు తలలు వంచుకొనిరి. నేను "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని తరువాతి పాఠమునకు పుటలు త్రిప్పితిని. ఇంటివద్ద చెప్పువా రెవ్వరును లేరని నే నెఱుగుదును. ఆ దుకాణమున నిలిచిన యిల్లాలి వయసు చూడగా, అట్టి తరగతిలోనే కూర్చుండి తల వంచుకొన్నవారిలో ఆమెయు ఒకతె కావచ్చును. ఆమెకు చెప్పవలసినప్పుడు చెప్పనివారము మేము; అడిగినప్పుడు ఈయనివారు వారు.

కావున నేను కోరునది పెద్ద సంస్కరణ మేమియు కాదు. వైద్యులు తమయొద్దకు ప్రసవమునకు వచ్చిన ప్రతి స్త్రీకిని నిత్యసాధనములతోపాటు ఈ మాత్ర సంగతియు, దాని పరిమితులును ముందుగనే చెప్పవలయును. దుకాణదారులు అడిగినదానిని మెల్లగా ఇచ్చి, కాగిత మొకటి చేతిలో పెట్టవలయును. ఉపాధ్యాయులము పుటలు త్రిప్పక పాఠము చెప్పవలయును. ఇక దుకాణమున ప్రక్కన నిలుచు మనవంటి పెద్దమనుష్యులు చేయవలసినది అన్నింటికంటె సులభము: తమ మందులు తాము తీసికొని, చూపు మఱలించుకొని యింటికి పోవుట. నే నానాడు అంతమాత్రమును చేయనైతిని.